ఆక్రమణకు కర్త ఎవరు? పాలస్తీనా ర్యాప్, సినిమాలపై పురానాపూల్ ఒడ్డు నుంచి ఒక పరిశీలన

తెలుగు పత్రికల్లో 'ఆక్రమణ' అనే మాట రెండు రకాల వార్తల్లో తరచుగా కనిపిస్తుంది. అంతర్జాతీయ వార్తల్లో 'ఆక్రమిత పాలస్తీనా' అంటారు. అక్కడ ఆక్రమించినది సైన్యం, దాని వెనుక ఉన్న రాజ్యం. నగర వార్తల్లో 'మూసీ ఆక్రమణలు', 'ఆక్రమణల తొలగింపు' అంటారు. ఇక్కడ ఆక్రమించినవాడు రేకుల కప్పు కింద కాపురముండే కూలీ, ఆటో నడిపేవాడు, నాలుగిళ్లలో పాచిపని చేసే స్త్రీ. తొలగించేది రాజ్యం. ఇంగ్లీషులో ఈ రెండు పనులకూ వేర్వేరు పేర్లున్నాయి. తెలుగులో ఒకే పేరు సరిపోయింది. కర్త మారగానే అదే క్రియలో నేరస్థుడు బాధితుడవుతాడు, బాధితుడు నేరస్థుడవుతాడు. పాలస్తీనా హిప్‌హాప్, సినిమా గత పాతికేళ్లలో చేసిన పనిలో అధిక భాగం ఈ కర్తృస్థానం గురించిన తగవే. ఇల్లు ఎవరిది, అక్రమంగా ఉన్నది ఎవరు, ఉగ్రవాది ఎవరు అన్న ప్రశ్నలను ఆ కళ వ్యాకరణ దోషాన్ని సరిదిద్దే పట్టుదలతో అడుగుతూ వచ్చింది.

అదే తగవు హైదరాబాదు పాతబస్తీకి చెందిన, లేదా పాతబస్తీ భాషలో వచ్చిన పాటల్లో, సినిమాల్లో, తెలుగు ముస్లిం కవిత్వంలో ఏ రూపంలో సాగిందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. పోలిక పెట్టేముందు ఒక జాగ్రత్త అవసరం. పాతబస్తీ గాజా కాదు. ఇక్కడి వాళ్లు ఓటున్న పౌరులు, న్యాయస్థానానికి వెళ్లగలరు, ఇల్లు కూలితే, ఎంత దూరంలోనైనా, మరో ఇల్లు ఇస్తామన్న హామీ ఉంటుంది. ముట్టడిలో ఉన్న ప్రజల అనుభవాన్ని అలంకారంగా అరువు తెచ్చుకోవడం వాళ్లకూ మనకూ అన్యాయం. పోలికంటూ పెడితే లోద్ నగరంతో పెట్టాలి. ఇజ్రాయెల్ లోపలే ఉన్న ఆ ఊళ్లో, 1948లో అత్యధికుల్ని వెళ్లగొట్టగా మిగిలిన పాలస్తీనా అరబ్బుల సంతతి, పౌరసత్వం ఉండి కూడా అనుమానితులుగా బతుకుతున్నది. పాలస్తీనా ర్యాప్ పుట్టింది ఆ నగరపు పేదవాడల్లోనే కావడం గమనించదగినది.

వంతెన, వరద, ఎర్ర రంగు

పురానాపూల్‌ను 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టారు. 1591 నాటి చార్మినారు కన్నా అది పాతది. గోలకొండ, కార్వాన్‌ల వైపు నుంచి మూసీ దక్షిణపు ఒడ్డుకు దారి వేసింది. నగరం కన్నా ముందు నగరానికి పోయే దారి పుట్టిందన్నమాట. ఇవాళ వాహనాలు పక్కనున్న కొత్త వంతెన మీదుగా పోతుంటే, పాత వంతెన మీద కూరగాయల గంపలు దిగాయి. నడవడానికి కట్టినదాన్ని జనం కూర్చుని అమ్ముకోవడానికి వాడుకుంటున్నారు. ఎవరూ తీర్మానం చేయలేదు, జెండా పట్టలేదు. టెహరాన్ పేదల మీద పరిశోధించిన ఆసెఫ్ బయాత్ ఇటువంటి దాన్నే సామాన్యుల చడీచప్పుడు లేని ఆక్రమణ అన్నాడు. నిందగా వాడే పదాన్ని ఆయన వివరణ పదంగా మార్చాడు. తెలుగులో ఆ మార్పును అనువదించడం కష్టం. 'ఆక్రమణ' అనగానే మన చెవికి తహసీల్దారు నోటీసే వినిపిస్తుంది.

నది కూడా ఇక్కడ ఒక పాత్రధారి. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో మూసీ మీది మిగతా వంతెనలు కొట్టుకుపోగా పురానాపూల్ నిలిచింది. ఆనాడు సుమారు 15,000 మంది చనిపోయారని చెబుతారు. ఉర్దూ రుబాయీలకు పేరుపొందిన అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ వరదలోనే పోగొట్టుకున్నాడు. 'ఖయామతె సుగ్రా' (చిన్న ప్రళయం) ఆ దుఃఖం నుంచి వచ్చిన రచన. వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది, దానితో పాటే ఇరుకు బస్తీల తొలగింపు కూడా వచ్చింది. నది పట్ల భయం, నగరాన్ని అందంగా చూసుకోవాలన్న కోరిక ఒకే దస్త్రంలోకి చేరడం అప్పుడే మొదలైంది. నేటికీ అవి విడిపోలేదు.

2024 సెప్టెంబరులో, మూసీ నదీగర్భంలో ఉన్నాయని గుర్తించిన ఇళ్ల గోడల మీద సర్వే సిబ్బంది ఎర్ర రంగుతో 'ఆర్‌బి-ఎక్స్' అని రాశారు. మొదటి రెండక్షరాలు నదీగర్భానికి పొడి అక్షరాలు. అక్టోబరు తొలి రోజుల్లో, పురానాపూల్‌కు దిగువనున్న చాదర్‌ఘాట్ ప్రాంతంలో, మూసానగర్, శంకర్‌నగర్‌లలో కూల్చివేతలు మొదలయ్యాయి. ఖాళీచేసిన కుటుంబాలకు మలక్‌పేట మొదలైన చోట్ల రెండు పడకగదుల ఇళ్లు కేటాయించారు. కొందరు ఇష్టపడే వెళ్లారు. కొందరు పనికీ, పిల్లల బడికీ, ఇరుగుపొరుగుకూ దూరమవుతామని ఎదురు నిలిచారు. 2025 సెప్టెంబరు చివర మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ ప్రాంగణంలోకే మూసీ నీళ్లు వచ్చినప్పుడు, తొలగింపును సమర్థించినవారికి ఒక వాదం దొరికింది. ఆ వాదం అబద్ధం కాదు. పాలస్తీనా పోలికను ఇక్కడ నిదానంగా వాడవలసిన కారణాల్లో ఇదొకటి. అక్కడ బుల్‌డోజరు వెనుక సైన్యం ఉంది, ఇక్కడ బుల్‌డోజరు వెనుక నిజంగానే ఒక నది ఉంది. కానీ ఆ నది పేరుతో ఎవరి ఇళ్లు ముందు లెక్కకు వస్తాయి, ఆ లెక్క ఎవరు రాస్తారు అన్న ప్రశ్నలు మిగిలే ఉంటాయి.

లోద్ యాస, పాతబస్తీ యాస

మన విమర్శలో ప్రతిఘటనను కొలిచే గజం బహిరంగ ధిక్కారం. దిగంబర కవుల నుంచి విప్లవ కవిత్వం దాకా, అక్కడి నుంచి అస్తిత్వ ఉద్యమాల దాకా గొంతెత్తిన స్వరాన్నే ఎక్కువగా విన్నాం. జేమ్స్ స్కాట్ 1985లో 'బలహీనుల ఆయుధాలు' అన్న అర్థం వచ్చే పేరుతో మలేషియా పల్లె జీవితాన్ని పరిశీలించి, పని నిదానం చేయడం, తెలియనట్లు నటించడం, చాటున వెక్కిరించడం కూడా ప్రతిఘటన రూపాలేనని వాదించాడు. పాలస్తీనీయుల దగ్గర ఈ భావానికి దగ్గరైన పదం 'సుమూద్'. కదలకుండా ఉండడం, ఉన్నచోట బతకడాన్ని కొనసాగించడం దాని భావం. 1966లోనే పాలస్తీనా రచనను ప్రతిఘటనా సాహిత్యమని పిలిచిన గస్సాన్ కనఫానీ నుంచి నేటి ర్యాపర్ల దాకా ఆ భావం వేర్వేరు రూపాల్లో నడిచింది.

ర్యాప్ బృందం 'డామ్' దీనికి మంచి ఉదాహరణ. తామెర్ నఫార్, సుహేల్ నఫార్, మహమూద్ జ్రేరి లోద్‌లో 1990ల చివర దీన్ని ఏర్పరచారు. ఆ పేరు ఇంగ్లీషులో ఒక సంక్షిప్తం, అరబ్బీలో 'శాశ్వతంగా ఉండు' అన్న అర్థం ఇస్తుంది, హీబ్రూలో 'రక్తం'. పేరులోనే మూడు భాషల తగవు ఉంది. వీళ్లు అరబ్బీలోనూ, తమను పాలించే వారి హీబ్రూలోనూ పాడారు. అరబ్బీలో పాడినప్పుడు గ్రాంథికమైన ఫుస్‌హాను పక్కనపెట్టి పాలస్తీనా వీధి మాట పట్టుకున్నారు. గిడుగు వాదం తెలిసిన మనకు దీని బరువు వివరించనక్కరలేదు. వ్యావహారికం గెలిచిన తరువాత కూడా మనకు మరో మెట్టు మిగిలింది. అది మాండలికాల మధ్య హెచ్చుతగ్గుల మెట్టు.

'ఇక్కడే పుట్టాను' అన్న అర్థం వచ్చే డామ్ పాట లోద్ అరబ్బు వాడల్లో ఇళ్ల కూల్చివేతల్నీ, నగరపాలన నిర్లక్ష్యాన్నీ విషయంగా తీసుకుంది. ఆ శీర్షికలోనే వాదమంతా ఉంది. 'అక్రమ నివాసి' అన్న అధికార పదానికి అది జన్మస్థలాన్ని జవాబుగా చెబుతుంది. జాతీయ జెండా గురించి కాదు, స్వతంత్ర రాజ్యం గురించి కూడా కాదు. వీధి గురించి మాట్లాడుతుంది. దైనందిన ప్రతిఘటన అన్న మాటకు పట్టు దొరికేది ఇటువంటి చోటే. బతకడమే ప్రతిఘటన అని సాధారణీకరిస్తే ఆ మాటకు అర్థం మిగలదు. ఫలానా ఉత్తర్వు 'నువ్వు ఇక్కడ ఉండరాదు' అన్నప్పుడు, ఆ ఉత్తర్వును ఎదురుగా నిలబెట్టి 'ఉన్నాను' అనడమే ప్రతిఘటన. ఈ గీటు దాటితే ఇరానీ చాయ్ తాగడం కూడా తిరుగుబాటే అవుతుంది. పాతబస్తీ మీద వచ్చే స్మృతి వ్యాసాలు కొన్ని ఇప్పటికే ఆ దారి పట్టాయి.

ఈ గీటు దగ్గర నిలబడి చూస్తే, 2018లో రుహాన్ అర్షద్ విడుదల చేసిన 'మియా భాయ్' ఏమవుతుంది? యూట్యూబ్‌లో కోట్లాదిగా చూసిన ఈ దక్కనీ ర్యాప్ పాట పాతబస్తీ కుర్రవాడి దర్జా, స్నేహం, తిండి, నగరం మీది గర్వం గురించినది. ఇందులో శత్రువు లేడు. నోటీసు లేదు, గోడ లేదు, తనిఖీ కేంద్రం లేదు. ఆ మేరకు దీన్ని డామ్ పక్కన కూర్చోబెట్టలేం. అయినా దీన్ని కేవలం సరదా పాటగా కొట్టివేయడం తొందరపాటు అవుతుంది. దానికి కారణం భాషలో ఉంది. దక్కనీ యాస వెండితెర మీద చాలాకాలం నవ్వించడానికే పనికివచ్చింది. 1965 నాటి హిందీ చిత్రం 'గుమ్‌నామ్'లో మెహమూద్ హైదరాబాదీ యాసతో నవ్వించినప్పటి నుంచి, ఆ యాస మాట్లాడేవాడు వంటవాడో, బంటో, వెకిలివాడో అయ్యాడు. తెలంగాణ తెలుగుకు తెలుగు సినిమాల్లో పట్టిన గతి కూడా ఇదే; విలనుకూ హాస్యగాడికీ ఆ మాండలికాన్ని పంచిపెట్టారన్న విమర్శ తెలంగాణ ఉద్యమకాలంలో బలంగా వచ్చింది. 'మియా భాయ్'లో నవ్వులపాలైన ఆ యాస ఉత్తమ పురుషకు దిగింది. 'వాడు' అనిపించుకున్నవాడు 'నేను' అన్నాడు. ఇది సగం పని. కర్త స్థానంలో తాను నిలబడ్డాడు, కానీ వాక్యంలో కర్మ లేదు, క్రియ కూడా బలహీనం. గర్వం ఉంది, ఎవరి ఎదుట గర్వపడుతున్నాడో పాట చెప్పదు. విన్న ప్రతివాడూ తనకు తోచినట్లు ఆ ఖాళీని నింపుకోవచ్చు, పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టుకోనూవచ్చు.

దక్కనీలో ఇంతకన్నా పదునైన దారి ఇదివరకే ఉంది. సులేమాన్ ఖతీబ్ 'పహెలీ తారీఖ్' నెల జీతం అందే రోజున భార్యాభర్తల మధ్య సాగే మాటలతో నవ్వు పుట్టించి, ఆ నవ్వులోనే లేమిని బయటపెట్టింది. 1962లో మొదలైన జిందాదిలానే హైదరాబాద్ సంస్థ, 1968 నుంచి వచ్చిన 'షుగూఫా' పత్రిక హాస్యానికి పెద్దవేదిక అయ్యాయి. ఉర్దూ సాహిత్య చరిత్రల్లో ఇవి హాస్యం అన్న అధ్యాయంలో సర్దుకున్నాయి. తెలుగు విమర్శ వీటిని పరాయి భాషవని వదిలేసింది. పాటను సాహిత్యంగా చదవడం గద్దర్, గోరటి వెంకన్నల వల్ల మనకు అలవాటైన పనే. ఆ అలవాటు నయాపూల్ దాటి దక్షిణానికి రాలేదన్నది నా ఫిర్యాదు.

నవ్వు, కెమెరా

పాలస్తీనా సినిమాలో నవ్వును అన్నిటికన్నా జాగ్రత్తగా వాడినవాడు ఎలియా సులేమాన్. 2002లో కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి పొందిన 'డివైన్ ఇంటర్వెన్షన్'లో నజరేత్ పొరుగువాళ్లు ఒకరి పెరట్లోకి ఒకరు చెత్త సంచులు విసురుకుంటారు. తనిఖీ కేంద్రం పక్కన కారులో కూర్చున్న ప్రేమికులు మాటలు లేకుండా చేతులు పట్టుకుంటారు. యాసర్ అరాఫత్ ముఖం వేసిన బుడగ ఒకటి సైనికుల తలల మీదుగా జెరూసలేం వైపు ఎగిరిపోతుంది. మొదటి దృశ్యంలో పాలస్తీనీయుడే పాలస్తీనీయుణ్ణి విసిగిస్తాడు. సులేమాన్ తన వాళ్లను మహాత్ములుగా చూపడు. చోటు ఇరుకైపోతే మనుషులు ఒకరి మీద ఒకరు పడతారని చూపి, ఆ ఇరుకుకు కారణమైన తనిఖీ కేంద్రాన్ని మరో దృశ్యంలో పెడతాడు. రెండింటినీ కలిపే పని ప్రేక్షకుడిది.

2006లో కుంట నిఖిల్ తీసిన 'ది అంగ్రేజ్' లోనూ చిల్లర తగవులే కథ. విదేశాల నుంచి వచ్చిన ఇద్దరు యువకులకూ చార్మినారు దగ్గర ఇస్మాయిల్ భాయ్ గుంపుకూ గొడవ పడుతుంది. గుంపు ప్రగల్భాలు పలుకుతుంది, ఏదీ సాధించలేకపోతుంది. ఆ ప్రగల్భానికీ చేతగానితనానికీ మధ్య దూరమే హాస్యం. చిత్రంలోని సంభాషణలు నగరమంతటా నోళ్లలో నానాయి. విమర్శకుడికి ఇందులో ఆగి చూడవలసింది ఆ శీర్షిక. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కొత్త నగరం నుంచి వచ్చిన భారతీయుణ్ణే పాతనగరం 'అంగ్రేజ్', అంటే తెల్లదొర, అని పిలుస్తుంది. వలసపాలన ముగియలేదు, చిరునామా మార్చుకుంది అన్న ఊహ ఆ ఒక్క పిలుపులో ఉంది. సినిమా ఆ ఊహను వెంటనే వదిలేసి నవ్వులోకి జారుకుంది. సులేమాన్ రెండో దృశ్యం దీనిలో లేదు. ఇస్మాయిల్ భాయ్‌కు పని ఎందుకు లేదు, పొద్దస్తమానం హోటల్లో ఎందుకు కూర్చుంటాడు అన్నది సినిమాకు అక్కరలేదు. కనుక ప్రేక్షకుడు అతనితో నవ్వుతున్నాడా, అతణ్ణి చూసి నవ్వుతున్నాడా అన్నది తేలదు. పాతబస్తీ వాళ్లే దీన్ని ఇష్టంగా చూశారన్న సమాధానం సరిపోదు. తమను తాము చూసుకుని నవ్వుకునే చొరవ వాళ్లకుంది, బంజారాహిల్స్ ప్రేక్షకుడికి అదే నవ్వు మరో పని చేసి పెడుతుంది.

పూర్తిగా కుదిరిన ఉదాహరణ కావాలంటే మనం ఇరవై మూడేళ్లు వెనక్కి, హైదరాబాదులో పెరిగిన శ్యామ్ బెనెగల్ 1983లో తీసిన 'మండీ' దగ్గరకు పోవాలి. గులాం అబ్బాస్ ఉర్దూ కథ 'ఆనందీ' దీనికి ఆధారం. కథలో పురపాలక సంఘం వేశ్యలను ఊరి బయటికి పంపిస్తుంది. వాళ్ల చుట్టూ కొత్త ఊరు పెరుగుతుంది. ఆ కొత్త ఊరి పురపాలక సంఘం మళ్లీ అదే తీర్మానం గురించి చర్చిస్తుంది. బెనెగల్ దీన్ని దక్కనీ మాటలోకి, ఊరి నడిబొడ్డున ఉన్న రుక్మిణీబాయి కోఠీలోకి దించాడు. కోఠీని కోరుకునే వ్యాపారి ఉన్నాడు, శీలం పేరుతో ఉద్యమించే పెద్దమనుషులున్నారు. చివరకు కోఠీ ఊరవతలకు, ఒక దర్గా పక్కకు పోతుంది. ఇంత జరుగుతున్నా ఆ ఇంట్లో వంట, కలహం, సంగీతం, దొంగతనం, జ్వరం ఆగవు. ఎవరూ నినాదం ఇవ్వరు. కానీ ఎవరు ఎవర్ని ఎందుకు కదిలిస్తున్నారో సినిమాకు స్పష్టంగా తెలుసు. రోజువారీ బతుకు ఒకవైపు, భూమి ధర మరోవైపు ఒకే చట్రంలో కనిపిస్తాయి. తొలగింపుకు ఇచ్చే కారణం ఎప్పుడూ మంచి కారణంగానే ఉంటుందన్న గ్రహింపు 'మండీ' బలం. అప్పుడు శీలం, ఇప్పుడు వరద. రెండోది మొదటిదాని కన్నా నిజమైన కారణమే, కానీ ఏ కారణమైనా నేల ధరతో కలిసి నడిచినప్పుడు కళకు పని పడుతుంది.

డాక్యుమెంటరీల్లో ఈ పని మరింత పచ్చిగా కనిపిస్తుంది. బిల్‌ఇన్ గ్రామస్థుడు ఇమాద్ బుర్నాత్ 2005లో కొడుకు పుట్టినప్పుడు కొన్న కెమెరాతో మొదలుపెట్టి, ఊరి నేలను చీల్చే అడ్డుగోడ వ్యతిరేక నిరసనలను చిత్రించాడు. కెమెరాలు ఒకటి తరువాత ఒకటి పగిలిపోయాయి. 2011 నాటి 'ఫైవ్ బ్రోకెన్ కెమెరాస్' ఆ పగిలిన కెమెరాల వరుసలోనే సాగుతుంది. కథాకాలాన్ని పరికరాల ఆయుష్షుతో కొలవడం నాకు తెలిసిన కథనశిల్పంలో అరుదైన సంగతి. 2025లో ఆస్కార్ పొందిన 'నో అదర్ ల్యాండ్'లో మసాఫర్ యత్తా గ్రామస్థులు పగలు కూలిన ఇంటిని రాత్రివేళ మళ్లీ కట్టుకుంటారు, కుదరకపోతే గుహల్లో తలదాచుకుంటారు. ఈ రెండు చిత్రాలకూ పాలస్తీనీయులతో పాటు ఇజ్రాయెలీలు దర్శకత్వం వహించారు. కెమెరా పట్టుకునే హక్కు ఎవరిదన్న చర్చ వాటి చుట్టూ సాగింది, 'నో అదర్ ల్యాండ్' ఆ చర్చను తన కథలోకే తీసుకుంది. సాయంత్రం ఇంటికి వెళ్లగలిగే మిత్రుడికీ, వెళ్లడానికి ఇల్లే ప్రశ్నార్థకమైన మిత్రుడికీ మధ్య దూరం దాచుకోవడానికి అది ప్రయత్నించదు. నగరానికి ఈవలి ఒడ్డు మీద రాసే విశ్వవిద్యాలయ పరిశోధకులందరికీ ఆ దూరం వర్తిస్తుంది.

పుట్టుమచ్చ

తెలుగులో ఈ తగవును నడిపినది ముస్లిం కవిత్వం. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. డామ్ బృందానికి పేరు తెచ్చిన 'మీన్ ఇర్హాబీ' (ఎవరు ఉగ్రవాది?) 2001లో వచ్చింది. రెండింటికీ సంబంధం లేదు, ఒకరికొకరు తెలిసే అవకాశమూ లేదు. అయినా రెండూ ఒకే స్థితి నుంచి మొదలవుతాయి. పుట్టకముందే తన మీద నేరం నమోదై ఉంది. మొహియుద్దీన్ ఆ నేరాన్ని శరీరం మీది మచ్చగా ఊహించాడు. అది చరిత్ర పాఠం నుంచీ వదంతి నుంచీ వచ్చి ఒంటికి అంటుకుంది, కడిగితే పోదు. డామ్ ఆ నేరాన్ని ప్రశ్నగా మార్చి ఎదుటివాడి ముఖం మీదికే విసిరింది. ఒకటి తనలోకి చూసుకుంటుంది, మరొకటి వేలు చూపుతుంది. ర్యాప్ సభలో, బిగ్గరగా, జనం మధ్య వినిపించే రూపం. దీర్ఘకవిత ఒంటరి చదువరి కోసం రాసిన రూపం. ఆ తేడా ఇద్దరి స్వభావాల్లోది కాదు, రూపాల్లోది అనుకుంటాను. కవితగా పదును 'పుట్టుమచ్చ'దే ఎక్కువ. ప్రశ్నకు జవాబు చెప్పి తప్పించుకోవచ్చు, మచ్చకు జవాబు లేదు.

1998 నాటి 'జల్‌జలా', గుజరాత్ హింస తరువాత 2002లో వచ్చిన 'అజా', 2004 నాటి కథల సంకలనం 'వతన్', 2005లో షాజహానా 'నఖాబ్' ఈ గొంతును విస్తరించాయి. షాజహానా బయటి అనుమానాన్నీ, ఇంటిలోపలి అధికారాన్నీ ఒకేసారి ఎదుర్కోవలసి వచ్చింది. ఈ కవిత్వం కర్తను స్పష్టంగా పేరుపెట్టి పిలిచింది. అది దాని సాధన. నా పరిశీలన మరో వైపుది. ఇందులో నిందించేవాడు కనిపించినంత స్పష్టంగా కూల్చేవాడు కనిపించడు. అనుమానం ఉంది, అల్లరిమూక ఉంది, పోలీసు ఉన్నాడు. పురపాలక నోటీసు, కొలతల టేపు, పట్టా కాగితం తక్కువ. దీనికి రెండు కారణాలు తోస్తాయి. మొదటిది కాలం. బాబ్రీ కూల్చివేతకూ గుజరాత్ హింసకూ మధ్య పుట్టిన కవిత్వం సహజంగానే ఆ కత్తి అంచు మీద నిలిచింది. రెండోది ఊరు. స్కైబాబా నల్లగొండ నుంచి, అఫ్సర్, షాజహానా ఖమ్మం వైపు నుంచి వచ్చారు. తెలుగులో రాసే ముస్లింలు అధికంగా జిల్లాల వాళ్లు, పాతబస్తీ రాసుకున్నది ఉర్దూలో, పాడుకున్నది దక్కనీలో. కాబట్టి మూసీ ఒడ్డు ఇల్లు తెలుగు కవిత్వంలోకి ప్రతీకగా వచ్చినంత తేలికగా చిరునామాగా రాలేదు. పాతబస్తీ జీవితాన్ని గల్లీ స్థాయిలో తెలుగు కథలోకి తెచ్చిన నెల్లూరి కేశవస్వామి ఈ లెక్కలో మినహాయింపు. ఆయన 'చార్మినార్' కథల్లోని ఇళ్లకు గోడలు, మెట్లు, పొరుగువాళ్లు ఉన్నారు.

ఈ విధంగా పని పంపకమైపోయింది. దక్కనీ పాటకూ హాస్య చిత్రానికీ వీధి ఉంది, ప్రత్యర్థి లేడు. తెలుగు ముస్లిం కవిత్వానికి ప్రత్యర్థి ఉన్నాడు, వీధి తక్కువ. లోద్‌లో ఈ రెండూ ఒకే పాటలో ఉండడానికి ఆ ర్యాపర్ల ప్రతిభ ఒక్కటే కారణం కాదు. అక్కడ వీధిలో మాట్లాడేదీ పాట రాసేదీ ఒకే భాష. ఇక్కడ ఇల్లు కోల్పోయిన మనిషి దక్కనీలో ఏడుస్తాడు, నోటీసు తెలుగులోనో ఇంగ్లీషులోనో వస్తుంది, అతని మీద పరిశోధన మరో భాషలో జరుగుతుంది. 2024లో గోడ మీద రాసిన ఆ ఎర్ర అక్షరాలు ఇంగ్లీషువి. వాటిని మొదట చదివి ఇంట్లోవాళ్లకు చెప్పగలిగేది బడికి పోయే పిల్లలే.

కూల్చివేతల రోజుల్లో మూసానగర్ వాసులు ఫోన్లలో తీసుకున్న దృశ్యాలు, విలేకరుల మైకుల ముందు దక్కనీలో చెప్పిన మాటలు ఈ నగరపు 'విరిగిన కెమెరాలు' కాగలవు. వాటిలో తిట్టు ఉంది, సామెత ఉంది, లయ ఉంది, హాస్యం కూడా ఉంది. జానపద విజ్ఞానంలో మౌఖిక సామగ్రిని సేకరించి, పాఠం నిర్ణయించి, లిప్యంతరీకరించే పద్ధతి మన శాఖలకు కొత్త కాదు. పల్లెలో ముసలమ్మ పాడిన పాటకు వాడిన శ్రద్ధను బస్తీలో ముసలమ్మ తిట్టిన తిట్టుకు వాడడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు. ఫోన్లు మారతాయి, ఖాతాలు మూతబడతాయి. ఈ సామగ్రికి ఆయుష్షు తక్కువ.

సుమూద్‌కు తెలుగు

ఆ సేకరణకు ఒక పరిభాష కావాలి. 'సుమూద్'కు తెలుగులో స్థైర్యం, దృఢత్వం, సహనం వంటి మాటలు వాడవచ్చు. 'స్థైర్యం' మనసుకు చెందిన గుణం, నేలతో దానికి పని లేదు. 'సహనం' లొంగుబాటు వైపు వాలుతుంది. 'మొండితనం' దగ్గరి మాటే కానీ దాన్ని ఎప్పుడూ ఎదుటివాడే అంటాడు. తన గురించి తాను చెప్పుకునేవాడు అరుదు. 'పాతుకుపోవడం'లో నేల ఉంది, కానీ పత్రికల్లో అది అవినీతితో పాటు కనిపించి చెడిపోయింది. నా మట్టుకు 'ఉండిపోవడం' అన్న క్రియ సరిపోతుందనిపిస్తుంది. వెళ్లమన్నాక, వెళ్లగలిగీ, వెళ్లకపోవడం దానిలో ఉంది. కర్త తానే. కర్మ అక్కరలేదు. చుట్టపుచూపుగా వచ్చినవాడు ఆ పూటకు ఉండిపోయాడనీ అంటాం, పొట్టచేత పట్టుకుని వచ్చిన కుటుంబం మూడు తరాలు ఉండిపోయిందనీ అంటాం. అనుమతి ఉందా లేదా అన్నది ఆ క్రియ అడగదు. డామ్ పాట శీర్షికను 'ఇక్కడే పుట్టాను' అని అనువదించినప్పుడు ఆ 'ఇక్కడే'లోని ఏకారానికి ఎంత బరువుందో, మూసీ ఒడ్డున 'ఉండిపోయాం' అన్నప్పుడు ఆ 'పోయాం'కు అంతే బరువుంది. దక్కనీలో అదే ఒడ్డు వాళ్లు దీన్ని ఏ మాటతో అంటున్నారో విని రాసుకోవడం తరువాతి పని.